మత్స్యకన్య ఏ రంగు?

పిల్లలూ! డెన్మార్కు దేశంలో ఓడెన్స్ అనే ఊరున్నది. 1805లో ఆ ఊళ్ళో చెప్పులు కుట్టుకుని బతికే ఒక పేదవాడికి కొడుకు పుట్టాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి నాలుగు డబ్బులు తెచ్చేది. ఆ కుర్రవాడి పేరు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. అతను పెద్దవాడై పిల్లల కథలు రాసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆయన 1837లో అచ్చువేసిన కథల్లో మత్స్యకన్య కథ ఒకటి.

ఆ కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను.

సముద్రం అడుగున ఒక రాజున్నాడు. ఆయనకు ఆరుగురు కుమార్తెలు. అందరికీ నడుము దాకా మనిషి రూపం, అక్కణ్ణించి చేపతోక. వారిలో కడగొట్టు పిల్ల గొంతంత తియ్యని గొంతు భూమి మీదగాని, సముద్రంలోగాని మరొకటి లేదు. పదిహేనో ఏడు నిండాక ఆమె నీటి పైకి వచ్చి, ఓడలో వెళుతున్న ఒక రాకుమారుణ్ణి చూసింది. అంతలో తుఫాను వచ్చి ఓడ పగిలిపోయింది. ఆమె రాకుమారుణ్ణి ఒడ్డుకు చేర్చి బతికించింది. కాని తనను బతికించినదెవరో అతనికి తెలియదు.

అతని దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు కావాలి. అందుకని ఆమె సముద్రపు మంత్రగత్తెను ఆశ్రయించింది. మంత్రగత్తె, "కాళ్ళిస్తాను. బదులు నీ గొంతివ్వాలి. నువ్వు వేసే ప్రతి అడుగూ కత్తి మీద వేసినట్టుంటుంది. అతను ఇంకెవరినన్నా పెళ్ళాడితే మర్నాడు తెల్లవారేసరికి నువ్వు నురుగైపోతావు," అన్నది. పిల్ల ఒప్పుకున్నది. మంత్రగత్తె ఆమె నాలుక తీసుకున్నది.

రాకుమారుడు ఆ మూగపిల్లను ఆప్యాయంగానే చూశాడుగాని, చివరకు మరొక రాకుమార్తెను పెళ్ళాడాడు. ఆ రాత్రి అక్కలు నీటి పైకి వచ్చారు. వారు తమ జుట్టంతా మంత్రగత్తెకిచ్చి ఒక కత్తి తెచ్చారు. దానితో రాకుమారుణ్ణి పొడిస్తే చెల్లెలు మళ్ళీ మత్స్యకన్య అవుతుంది. ఆమె నిద్రపోతున్న రాకుమారుణ్ణి చూసి, కత్తిని సముద్రంలోకి విసిరేసి, తానుకూడా దూకింది. అలా నురుగైన ఆమెను గాలిలో తిరిగే కన్యలు తమలో కలుపుకున్నారు.

ఇదీ కథ. ఇందులో మీకేది గుర్తుండిపోతుంది? కొందరు పోయిన గొంతు అంటారు. కొందరు కత్తి మీద నడక అంటారు. మరి కొందరు చివరి రాత్రి ఆమె చేసిన పని అంటారు. ఆమె ఒంటి రంగు అని మాత్రం ఎవరూ అనరు. అయినా, ఇటీవల కొన్నేళ్ళపాటు లోకంలో ఎంతోమంది పెద్దవాళ్ళు ఆ రంగు గురించే పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట ఏమిటో, అందులో న్యాయం ఎంతో, అది మనదాకా ఎలా వస్తుందో చూద్దాం.

అమెరికాలోని డిస్నీ కంపెనీ 1989లో ఈ కథను బొమ్మల చిత్రంగా తీసింది. గీసిన బొమ్మలే అందులో కదిలి, మాట్లాడి, పాటలు పాడతాయి. మత్స్యకన్యకు ఏరియల్ అని పేరు పెట్టారు. ఆమెకు తెల్లని ఒళ్ళు, ఎర్రని జుట్టు, ఆకుపచ్చని తోక వేశారు. ఆ చిత్రంలోని సంగీతానికీ, ఒక పాటకూ ఆస్కార్ బహుమతులు వచ్చాయి. దాన్ని చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు మీ అమ్మానాన్నల వయసువాళ్ళు.

ఆ తరవాత చాలా ఏళ్ళకు డిస్నీ కంపెనీ తన పాత బొమ్మల చిత్రాలను ఒకటొకటిగా నటీనటులతో మళ్ళీ తీయసాగింది. 2015లో సిండరెల్లా, 2016లో జంగిల్ బుక్, 2019లో అల్లాద్దీన్ అలా వచ్చినవే. 2019 జులైలో మత్స్యకన్య వేషం ఎవరు వేస్తారో ప్రకటించారు. ఆమె పేరు హాలీ బెయిలీ. అప్పటికామెకు పందొమ్మిదేళ్ళు. అక్కతో కలిసి పాటలు పాడి పేరు తెచ్చుకున్న పిల్ల. దర్శకుడు రాబ్ మార్షల్ ఆమె పాట విని పిలిపించాడు. ఆమె నల్లజాతి అమ్మాయి.

దానితో గొడవ మొదలయింది. "ఈమె మా ఏరియల్ కాదు," అంటూ ఇంటర్నెట్టులో వేలమంది రాశారు. 2022 సెప్టెంబరులో సినిమా నుంచి ఒక చిన్న ముక్క విడుదల చేస్తే, లక్షలకొద్దీ జనం అది తమకు నచ్చలేదని మీట నొక్కారు. 2023 మే నెలలో సినిమా విడుదలయింది. సినిమాలకు మార్కులు వేసే ఒక పేరున్న వెబ్‌సైటు, తనకు వచ్చే ఓట్ల తీరు మామూలుగా లేదని గమనించి, మార్కులు లెక్కకట్టే పద్ధతినే మార్చుకోవలసి వచ్చింది.

అభ్యంతరం చెప్పినవాళ్ళందరినీ ఒక్క గాటన కట్టటం న్యాయం కాదు. వారు మూడు రకాలుగా మాట్లాడారు. ఒక్కొక్కటే విచారిద్దాం.

మొదటివాళ్ళు, "పుస్తకంలో అలా లేదు గదా!" అన్నారు. ఈ మాటలో నిజమున్నది. ఆండర్సన్ మత్స్యకన్య చర్మాన్ని గులాబిరేకుతోనూ, కళ్ళను లోతైన సముద్రపు నీలంతోనూ పోల్చాడు. ఆయన తన చుట్టూ కనిపించే డెన్మార్కు పిల్లలను మనసులో పెట్టుకుని రాసి ఉంటాడు. అందులో తప్పేమీ లేదు. కాని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే, 1989 నాటి చిత్రం సంగతి ఏమిటి? అందులో మత్స్యకన్య నురుగు కాదు. కత్తి లేదు, అక్కల త్యాగం లేదు. ఆమె రాకుమారుణ్ణి పెళ్ళాడి సుఖంగా ఉంటుంది. అంటే కథ ముగింపే తలకిందులయింది! ఇంత మార్పును ఏళ్ళ తరబడి చూసి ఆనందించి, ఒంటి రంగు మారగానే పుస్తకం గుర్తు తెచ్చుకోవటం వింతగా లేదూ?

రెండోవాళ్ళు సైన్సును సాయం తెచ్చుకున్నారు. "సముద్రం అడుగున ఎండ ఉండదు గదా, అక్కడ ఉండేవాళ్ళు నల్లగా ఎలా ఉంటారు?" అన్నారు. ఇది విచారించదగిన ప్రశ్నే. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు నల్లవారిలోనూ, తెల్లవారిలోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి ఎంత మెలనిన్ తయారుచేస్తాయి, ఏ రకంది తయారుచేస్తాయి అన్నదాన్ని బట్టే రంగు తేడా వస్తుంది. ఎండలో మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి చర్మానికి హాని చెయ్యకుండా మెలనిన్ గొడుగులాగా అడ్డుపడుతుంది. అందుకే ఎండ తీవ్రంగా ఉండే దేశాల్లో తరతరాలుగా బతికినవారు నల్లగా ఉంటారు. ఎండ తక్కువగా ఉండే ఉత్తర దేశాలవారు తెల్లగా ఉంటారు. ఇంతవరకు ఆ మాట సరే.

మరి సముద్రం అడుగున ఏం జరుగుతుంది? రెండు వందల మీటర్లు దిగేసరికి వెలుతురు బాగా సన్నగిలుతుంది. వెయ్యి మీటర్లు దాటితే సూర్యకాంతి అసలే ఉండదు. అక్కడి చేపలన్నీ పాలిపోయి ఉంటాయనుకుంటున్నారేమో! అదేం లేదు. వాటిలో ఎన్నో నల్లటివే. ఆ చీకట్లో కొన్ని ప్రాణులు తమ ఒంటినుంచి తామే వెలుగు పుట్టిస్తాయి. ఆ వెలుగులో వేటాడేవాటి కంట పడకుండా ఉండాలంటే నల్లగా ఉండటమే మేలు. 2020లో శాస్త్రజ్ఞులు అలాటి పదహారు జాతుల చేపలను వర్ణించారు. వాటి మీద పడిన వెలుతురులో నూటికి తొంభైతొమ్మిదిన్నర వంతులకు పైగా ఆ చర్మమే మింగేస్తుంది. దానికి పనికి వచ్చే పదార్థం ఏమిటంటారా? మన ఒంట్లో ఉన్న మెలనినే! కాబట్టి సైన్సును సాక్ష్యానికి పిలిస్తే, అది ఆ రెండోవాళ్ళ పక్షాన చెప్పలేదు. అసలు మత్స్యకన్యే కల్పన అయినప్పుడు ఈ సాక్ష్యంతో పనే లేదనుకోండి.

మూడోవాళ్ళు ఏ కారణమూ చెప్పలేదు. నల్లపిల్ల రాకుమార్తె కావటమే వారికి నచ్చలేదు. వారిలో కొందరు ఆ అమ్మాయిని గురించి మనం ఇక్కడ రాయలేని మాటలు రాశారు. ఆ మాటలకు జవాబు అవసరం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కథ ఒక దేశంనుంచి మరో దేశానికి వెళ్ళినప్పుడల్లా దుస్తులు మార్చుకుంటుంది. సిండరెల్లా కథ ఉన్నది గదా. సవతితల్లి పెట్టే బాధలు పడే పిల్ల, పోగొట్టుకున్న పాదరక్ష, దాన్ని పట్టుకుని వెతికే రాజు. ఫ్రాన్సు దేశంలో పెరో అనే ఆయన దీన్ని 1697లో అచ్చువేశాడు. డిస్నీ కంపెనీ 1950లో తీసిన బొమ్మల చిత్రానికి ఆధారం ఆయన కథే. కాని అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే, తొమ్మిదో శతాబ్దంలో, చైనాలో ఇలాటి కథే పుస్తకానికెక్కింది. అందులో పిల్ల పేరు యె షియన్. ఆమెకు సాయపడేది దేవకన్య కాదు, ఒక చేప ఎముకలు. పాదరక్ష గాజుది కాదు, బంగారుది. మరి సిండరెల్లా చైనా పిల్లా, ఫ్రెంచి పిల్లా? 1997లో అమెరికా టెలివిజనులో సిండరెల్లాగా బ్రాండీ అనే నల్లజాతి గాయని నటించింది. రాకుమారుడి వేషం వేసింది ఫిలిప్పీన్స్ వంశంవాడు. దాదాపు ఆరు కోట్లమంది దాన్ని చూశారు. చెప్పు ఎవరి కాలికి సరిపోతుందో వారే సిండరెల్లా అని ఆ కథే చెబుతున్నది గదా!

అల్లాద్దీన్ కథ ఇంకా చిత్రం. అది అరేబియా దేశపు కథ అని మనమందరం అనుకుంటాం. సిరియాలోని అలెప్పో నగరంనుంచి వెళ్ళిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో పారిస్ నగరంలో గాలాన్ అనే ఫ్రెంచి పండితుడికి ఆ కథ చెప్పాడు. గాలాన్ దాన్ని తన అరేబియన్ రాత్రుల పుస్తకంలో చేర్చాడు. ఆ పుస్తకంలో అల్లాద్దీన్ ఉండేది ఎక్కడో తెలుసా? చైనాలో! డిస్నీవాళ్ళు 1992లో బొమ్మల చిత్రం తీసినప్పుడు అగ్రబా అనే లేని ఊరును సృష్టించారు. 2019 చిత్రంలో అల్లాద్దీన్ వేషం వేసినవాడు ఈజిప్టులో పుట్టి కెనడాలో పెరిగాడు. రాకుమార్తె వేషం వేసిన నవోమీ స్కాట్ తల్లిది గుజరాతీ కుటుంబం. ఆ సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు అల్లాద్దీన్‌కు వరుణ్ తేజ్, భూతానికి వెంకటేశ్ గొంతులిచ్చారు. దీపం మటుకు అదే దీపం.

"అయితే ఎవరు ఏ వేషమైనా వెయ్యవచ్చునా?" అని మీరడగవచ్చు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. ప్రతి కథకూ ప్రాణం ఒకటుంటుంది. అది తీసేస్తే కథ చచ్చిపోతుంది. మిగతాదంతా దుస్తులు. మత్స్యకన్య కథకు ప్రాణం గొంతు. ఆ గొంతును ఇచ్చుకున్న పిల్ల ఏ రంగుదైనా మన గుండె చెరువవుతుంది. ములాన్ కథ వేరు. ముసలి తండ్రికి బదులు మగవేషంలో యుద్ధానికి వెళ్ళిన చైనా పిల్ల కథ అది. చైనాను తీసేస్తే అందులో మిగిలేది కొద్ది. అందుకే 2020లో దాన్ని మళ్ళీ తీసినప్పుడు చైనాలో పుట్టిన నటినే పెట్టారు.

ఇంకొక సంగతికూడా ఉన్నది. ఇన్నాళ్ళూ తలుపు ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అన్నది మరచిపోరాదు. 1937లో హాలీవుడ్డులో ఒక చైనా రైతు కుటుంబం కథను సినిమాగా తీశారు. దాని పేరు ది గుడ్ ఎర్త్. అప్పటికే లాస్ ఏంజలిస్‌లో పుట్టి పెరిగిన చైనా వంశపు నటి అన్నా మే వాంగ్ ఎంతో పేరు పొంది ఉన్నది. రైతు భార్య వేషం ఆమెకు ఇవ్వలేదు. జర్మనీలో పుట్టిన లూయీస్ రైనర్ అనే తెల్లనటికి చైనా ముఖంలాగా రంగు పూసి వేయించారు. ఆమె బాగా నటించి ఆస్కార్ బహుమతి అందుకున్నది. కాని వాంగ్ పోగొట్టుకున్నది ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ రోజుల్లో తెల్లవారు ఎవరి వేషమైనా వేసేవారు. ఇతరులు తమ వేషంకూడా తాము వెయ్యటానికి వీలులేకపోయింది. ఒక పక్క తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండి, రెండో పక్క తలుపు తాళం వేసి ఉంటే, ఆ తాళం తియ్యటాన్ని అన్యాయం అనగలమా?

పిల్లల పుస్తకాల్లోకూడా ఆ తాళం ఉండేది. నాన్సీ లారిక్ అనే అమెరికా విదుషి 1965లో ఒక వ్యాసం రాసింది. ఒక అయిదేళ్ళ నల్లపిల్ల బొమ్మల పుస్తకం చూస్తూ, ఇందులో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగిందట. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ లారిక్, 1962 నుంచి 1964 దాకా అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలించింది. ఒక్క నల్లమనిషి అయినా కనిపించిన పుస్తకాలు వాటిలో 349 మాత్రమే. అంటే నూటికి ఏడుకూడా లేవు.

దానివల్ల వచ్చే నష్టం ఏమిటి? ఈ సంగతి తెలుసుకోవటానికి కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు అంతకు ముందే, 1940 ప్రాంతాల, ఒక పరీక్ష జరిపారు. ఇద్దరూ మానసిక శాస్త్రవేత్తలు. వారు ఒకే అచ్చులో పోసిన బొమ్మలు తీసుకున్నారు. వాటికి రంగులో తప్ప తేడా లేదు. కొన్ని తెల్లవి, కొన్ని గోధుమరంగువి. మూడేళ్ళనుంచి ఏడేళ్ళ లోపు నల్లపిల్లలు 253 మందిని ఒక్కొక్కరినే పిలిచి, "ఆడుకోవటానికి నీకేది కావాలి? వీటిలో మంచి బొమ్మ ఏది? చెడ్డది ఏది?" అని అడిగారు. మూడింట రెండు వంతులమంది పిల్లలు ఆడుకోవటానికి తెల్లబొమ్మను కోరారు. సగానికి పైగా పిల్లలు గోధుమరంగు బొమ్మను చెడ్డదన్నారు. చివరి ప్రశ్న, "వీటిలో నీలాగా ఉన్నది ఏది?" అని. ఈ ప్రశ్న వినగానే కొందరు పిల్లలు బిక్కమొగం వేశారు. మరి కొందరు ఏడ్చి అక్కణ్ణించి పారిపోయారు.

పిల్లలూ, ఆ పసివాళ్ళను ఎవరూ కూర్చోబెట్టి, "నువ్వు చెడ్డదానివి," అని చెప్పి ఉండరు. పుస్తకాలూ, బొమ్మలూ, బళ్ళూ, వీధులూ కలిసి రోజూ కొంచెం కొంచెంగా చెప్పాయి. 1954లో అమెరికా సుప్రీంకోర్టు, నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు ప్రభుత్వ బళ్ళుండటం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో క్లార్క్ పరిశోధనను పేర్కొన్నారు. చిన్నపిల్లలు వేలుపెట్టి చూపిన బొమ్మలు అంత పని చేశాయి!

అయినా కథల్లో మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది. డిస్నీ కంపెనీ తన మొదటి పెద్ద బొమ్మల చిత్రంగా హిమసుందరి కథను తీసింది 1937లో. నల్లజాతి పిల్ల మొదటిసారిగా రాకుమార్తె అయినది 2009లో, కప్ప రాకుమారుడి కథలో. మధ్యన 72 ఏళ్ళు! పైగా టియానా అనే ఆ పిల్లకూడా సినిమాలో చాలా భాగం కప్పగానే కనిపిస్తుంది.

ఇదంతా తెలిస్తే 2022లో జరిగినది అర్థమవుతుంది. మత్స్యకన్య సినిమా ముక్క విడుదలైనప్పుడు, ఎంతోమంది నల్లజాతి తల్లిదండ్రులు తమ చిన్నపిల్లలు దాన్ని చూస్తుండగా ఫోనులో చిత్రాలు తీశారు. నీళ్ళలో ఆ పిల్ల మొహం కనపడగానే చిన్నారులు నోరు తెరుచుకుని, ఆమె తమలాగే ఉన్నదని అరిచి గంతులు వేశారు. క్లార్క్ దంపతులు అడిగిన చివరి ప్రశ్నకు ఆ పిల్లలు ఇచ్చిన జవాబు అదే. ఈసారి ఎవరూ ఏడవలేదు.

రూడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో ఒక మంచి పోలిక చెప్పింది. పిల్లల పుస్తకం అద్దమూ కావచ్చు, కిటికీ కూడా కావచ్చు. అద్దంలో మనం కనిపిస్తాం. కిటికీలోంచి ఇతరులు కనిపిస్తారు. ఎప్పుడూ అద్దమే చూసేవాడు లోకమంతా తానే అనుకుంటాడు. ఎప్పుడూ కిటికీయే చూసేవాడు లోకంలో తనకు చోటు లేదనుకుంటాడు. అందుకని ప్రతి పిల్లకూ రెండూ కావాలి.

అంత మాత్రాన కంపెనీలు ధర్మం కోసమే సినిమాలు తీస్తున్నాయనుకోకండి. వాటికి కావలసింది డబ్బు. 2023 నాటి మత్స్యకన్యకు లోకమంతటా కలిపి దాదాపు 57 కోట్ల డాలర్లు వచ్చాయి. హిమసుందరి కథను 2025లో నటీనటులతో మళ్ళీ తీస్తే 20 కోట్ల చిల్లర మాత్రం వచ్చాయి. అందులో నాయిక వేషం రేచెల్ జెగ్లర్‌ది. ఆమె తల్లిది కొలంబియా దేశపు వంశం. ఆ సినిమా దెబ్బతినటానికి కారణాలు అనేకం. మరుగుజ్జులను చూపిన పద్ధతి మీద ఒక వివాదం, రాజకీయాల మీద మరొకటి చెలరేగాయి. కాని రంగు గురించిన ప్రశ్న ఇక్కడ మత్స్యకన్య కథలోకన్న గట్టిది. ఎందుకంటే, గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో, మంచు లాటి తెలుపూ, రక్తం లాటి ఎరుపూ, నల్లచేవ కర్ర లాటి నలుపూ గల బిడ్డ కావాలని రాణి కోరుకుంటుంది. పేరులోనే మంచు తెలుపున్నది. కొత్త సినిమావాళ్ళు, ఆమె మంచు తుఫానులో పుట్టినందున ఆ పేరు వచ్చిందన్నారు.

ఇది సరిపోయిందా? ఆ కథకు ప్రాణం తెల్లని ఒళ్ళా, లేక అద్దం ముందు నిలబడి అసూయతో కుళ్ళే సవతితల్లా? మీరే తేల్చుకోండి. మీ తరగతిలో రెండు జట్లుగా చీలి వాదించండి. రెండు వైపులా మంచి మాటలు దొరుకుతాయి.

ఇంకో మాటకూడా న్యాయమైనదే. పాత కథకు కొత్త మొహం పెట్టి ఊరుకోవటంకన్న, ఆఫ్రికావారి కథలూ, మన కథలూ, ఇంకా ఎందరెందరివో కథలు కొత్తగా తెర మీదికి తేవాలని కొందరంటారు. 2023 మత్స్యకన్యలో భూమి మీది కథ కరీబియన్ దీవుల్లో జరుగుతుంది. పాతకాలపు ఆ దీవుల్లో నల్లవారు బానిసలుగా చెరుకుతోటల్లో మగ్గిపోయారు. సినిమాలో ఆ ఊసే లేదని విమర్శకులు ఎత్తిచూపారు. మొహం మార్చటంతో పని పూర్తికాదు. కాని అది మొదలు.

"ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు?" అంటారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ సినిమాలోనే మత్స్యకన్య అక్కల్లో ఒకామె పేరు ఇందిర. ఆ వేషం వేసిన సిమోన్ ఆష్లీ ఇంగ్లండులో పుట్టిన తమిళుల బిడ్డ. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలుకూడా ఆ బొమ్మల్లో తమ మొహం కోసం వెతుక్కునేవాళ్ళే.

ఇక మన ఇంటి గోడ మీది కాలెండరు చూడండి. మహాభారతంలో ద్రౌపది నల్లనిది. అందుకే ఆమెకు కృష్ణ అని పేరు. ఆ భారతం రాసిన వ్యాసుడు నల్లనివాడు. ఆయన పేరు కృష్ణద్వైపాయనుడు. నల్లనివాడు, దీవిలో పుట్టినవాడు అని దాని అర్థం. కాని మన కాలెండర్లలో, సినిమాల్లో, టెలివిజనులో ద్రౌపది ఎలా కనిపిస్తుంది? ఎన్నిటిలోనో పచ్చని పసిమితో మెరిసిపోతూ ఉంటుంది. "పుస్తకంలో అలా లేదు గదా!" అని మనలో ఎంతమంది అడిగారు?

పెద్దలకు ఒక మాట చెబుతాను. నేను ఉద్యోగంలో ఉన్న ఏళ్ళలో ఎన్నో ఊళ్ళలో బడి వార్షికోత్సవాలు చూశాను. భరతమాత వేషం, సీత వేషం, దేవకన్య వేషం వచ్చిందంటే చాలు, కళ్ళు తరగతిలో తెల్లగా ఉన్న పిల్ల కోసం వెతుకుతాయి. నల్లపిల్లకు పద్యం బాగా వచ్చినా శూర్పణఖ వేషమో, చెలికత్తె వేషమో దక్కుతుంది. లేకపోతే మొహానికి దట్టంగా పౌడరు పూస్తారు. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ఏమీ అనదు. కాని క్లార్క్ దంపతుల ఎదట బొమ్మలు చూసిన పిల్లల్లాగే ఆమె కూడా ఒక లెక్క నేర్చుకుంటుంది. మనం బడిలో నేర్పే లెక్కలకన్న అది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పిల్లలూ, ఈసారి మీ బడిలో నాటకం వెయ్యబోతున్నప్పుడు ఒక పని చెయ్యండి. ఆ కథకు ప్రాణం ఏదో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. సత్యభామకు పౌరుషం ప్రాణం, ఝాన్సీరాణికి ధైర్యం ప్రాణం, మత్స్యకన్యకు గొంతు ప్రాణం. తరవాత మీ మాస్టారిని అడిగి, వేషం కావాలన్న ప్రతివారిచేతా తెర చాటునుంచి నాలుగు మాటలు చెప్పించండి. అందరూ కళ్ళు మూసుకుని వినండి. ఎవరి మాటకు కథలోని మనిషి కళ్ళకు కట్టినట్టవుతుందో వారి పేరు రాయండి. ఆ తరవాత తెర తీసి చూడండి.